ప్రేగులలోని చాపకూడు

పన్నెండవ శతాబ్దమున పలనాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క బంతిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని మాచర్ల, గురజాల సీమలలో చదువుకొను ప్రతి బాలుడును ఎరుగును. కారెంపూడి వీరుల ఉత్సవములలో నేటికిని ఆ చాపకూడు జరుగుచున్నది. అట్టి బంతి ఒకటి మన కడుపులో రేయింబవళ్ళు సాగుచున్నదని మాత్రము అందరును ఎరుగరు.

మానవ దేహమున సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు ఉండునని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. వీనిలో అత్యధిక భాగము పెద్దప్రేగులోనే నివసించును. మనకు అరుగని జొన్నపీచును ఇవి పులియబెట్టి, ప్రేగుగోడకు ఆహారమగు ఆమ్లములను తయారుచేయును.

ఇందరు అతిథులున్నచోట బంతిని సరిదిద్దు పెద్ద యొకడు ఉండవలయును గదా! ఆ పెద్దరికము 'ఇమ్యునోగ్లోబులిన్-ఏ' అను ప్రతిరక్షకమునకు చెందినది. ప్రేగుగోడలోని ప్లాస్మా కణములు దీనిని తయారుచేయును. పెద్దవారిలో దినమునకు 3 మొదలు 5 గ్రాముల వరకు ఇది ప్రేగులోనికి స్రవించును. జీర్ణరసములకు ఇది సులభముగా లొంగదు.

ప్రతిరక్షకమనగా శత్రుసంహారము చేయు ఆయుధమని మనము పాఠములలో చదివితిమి. ప్రేగులలో దాని పని అంతకంటె సూక్ష్మమైనది. సాల్మొనెల్లా క్రిమి రెండుగా చీలునప్పుడు, పిల్లలు విడిపోకుండ ఈ ప్రతిరక్షకము వానిని గుదిగ్రుచ్చి, గోడను చేరనీయక వెలుపలికి పంపునని 2017లో ఎలుకలపై జరిపిన పరిశోధన తెలిపినది. కాని 2018లో మరియొక వింత బయటపడినది. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అను బాక్టీరియా ఇదే ప్రతిరక్షకమును ఆధారముగా చేసికొని, ప్రేగుగోడ చెంతనున్న జిగురుపొరలో స్థిరనివాసము ఏర్పరచుకొనును. ఒకనికి గెంటివేత, మరియొకనికి పీట! చంపుటకంటె, ఎవరు ఎచ్చట కూర్చుండవలయునో నిర్ణయించుటయే ఇచ్చట ముఖ్యము.

అప్పుడే పుట్టిన శిశువునకు ఈ ప్రతిరక్షకమును సమృద్ధిగా తయారుచేసికొను శక్తి లేదు. ఆ లోటును తల్లిపాలు తీర్చును. తల్లి ప్రేగులలో శిక్షణ పొందిన కణములు రక్తమార్గమున స్తనములను చేరి, అచ్చట ప్రతిరక్షకమును తయారుచేయును. అందుచే తల్లి ప్రేగులు ఎరిగిన క్రిములనుండి బిడ్డకు రక్షణ లభించును. పాలలోని ఈ ప్రతిరక్షకము అందని ఎలుకపిల్లల ప్రేగులలో, పెద్దవైన పిదపకూడ, బాక్టీరియాల కూర్పు భిన్నముగనే ఉండెనని 2014లో తేలినది.

ఈ ప్రతిరక్షకము మిక్కిలి చిక్కగా ఉండునది ముర్రుపాలలోనే. చెడ్డపాలని తలచి వానిని పిండి పారబోయుట ఎంతటి నష్టమో ఇప్పుడు వేరుగ చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయులు ఈ మాటను తరగతిలో చెప్పవలయును. విద్యార్థులు ఇంటిలోని పెద్దలకు చెప్పవలయును. బిడ్డ కడుపులో మొదటి చాప పరచునది తల్లియే.