వలకు పడ్డ వింత చేప

బొచ్చె, రాగండి, జెల్ల, కొర్రమీను. చేపలమ్మే ఆడవాళ్లు వీటిని చూస్తూనే పేరు చెప్పేస్తారు. కానీ ఇప్పుడు కృష్ణానదిలో, కొన్ని చెరువుల్లో ఒక వింత చేప పడుతోంది. దీన్ని దెయ్యం చేప అంటున్నారు. దెయ్యమూ కాదు, భూతమూ కాదు. అదీ చేపే.

దీన్ని గుర్తుపట్టడం ఎలా? ముందు ఒంటిని చూడాలి. బొచ్చెకు పొలుసులుంటాయి. జెల్ల ఒళ్లు నున్నగా ఉంటుంది. దీనికేమో ఎముకలాంటి గట్టి పెంకులు వరసగా ఉంటాయి. ఒళ్లంతా మచ్చలు. వీపు మీది రెక్క తెరచాపలా పెద్దది. ఇక చేపను కర్రతో తిరగేసి చూడండి. నోరు తల కింద గుండ్రంగా ఉంటుంది. ఆ నోటితో రాయికి అతుక్కుని పాచి గీకి తింటుంది. రెక్కల ముళ్లు గట్టివి. ఉత్త చేత్తో పట్టుకోకూడదు.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. అద్దాల తొట్టెలో పాచి తింటుందని పట్నాల్లో కొంటారు. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది. పెరిగితే మూరెడు! తొట్టె చాలక, చంపలేక, కాలవలో వదిలేస్తారు. వాళ్ల జాలికి నష్టపోయేది జాలరి.

దీని ముళ్లకు వలలు చిరుగుతాయి. గుడ్ల కోసం మగచేప గట్టులో బొరియలు తవ్వుతుంది. గట్టు బలం తగ్గుతుంది. ఇది గాలి కూడా మింగి బతుకుతుంది. ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. అందుకే చెరువు పక్కన పారేయకూడదు. మళ్లీ నీళ్లలో అసలే వదలకూడదు. చచ్చాక దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి. ఏ చెరువులో, ఏ రోజు పడిందో కాగితం మీద రాసి మత్స్యశాఖ వాళ్లకు ఇవ్వాలి.