జారే చక్రం - మినుకుమనే దీపం

వానాకాలంలో కారు ప్రయాణం చేసినవారిలో చాలామంది ఆ దీపాన్ని చూసే వుంటారు. స్టీరింగు వెనక, వేగం చూపించే ముల్లుకు దగ్గరలో, చిన్న కారు బొమ్మ, దాని క్రింద పాముల్లా మెలికలు తిరిగిన రెండు గీతలు, పసుపురంగు వెలుగు. అది వెలగగానే నడిపేవారి గుండె ఒక్క క్షణం ఝల్లుమంటుంది. ప్రక్కనున్న ఇల్లాలు "ఏమిటండీ అది?" అంటుంది. వెనకసీటులోని మామగారు బండి ఆపమంటారు. ఆపవలసిన సందర్భమూ వుంది, ఆపనక్కరలేని సందర్భమూ వుంది. ఆ తేడా తెలియాలంటే ముందు చక్రం జారడమేమిటో తెలియాలి.

మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. లాగేవి ఎడ్లు, చక్రాలు వెనక దొర్లుకుంటూ వస్తాయంతే. కారులో నేలను వెనక్కి నెట్టి బండిని ముందుకు తోసేది చక్రమే. రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పట్టు వున్నంతసేపే ఇంజను బలం పనికి వస్తుంది. ఒక్కొక్క టైరు నేలను తాకేది ఇంచుమించు అరచేయంత మేర! తడిసిన తారు మీద ఆ పట్టు తగ్గుతుంది. నల్లరేగడి బురదలో దాదాపు వుండదు.

దీనికి తోడు మరొక చిక్కు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. అందుకని ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచేచోట డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక వుంటుంది. అది మహా సమదర్శి. ఎడమ చక్రానికి ఎంత బలమో కుడిదానికీ అంతే. ఎదురుగా లారీ వచ్చిందని ఎడమ చక్రాలను తారు దించి ఆపారనుకోండి. మళ్ళీ బయలుదేరబోతే బురదలోని చక్రం ఎదురులేక గిర్రున తిరుగుతుంది. దాన్ని తిప్పడానికి బహుస్వల్పమైన బలం చాలు. కనుక గట్టినేల మీదున్న కుడి చక్రానికి అందేదీ ఆ స్వల్పమే. ఇంజను రొద పెడుతుంది, బురద ఎగిరి పడుతుంది, కారు మాత్రం కదలదు.

ఇక్కడ అక్కరకు వచ్చేదే ట్రాక్షన్ కంట్రోల్. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ళ వలయం, దానికి ఎదురుగా ఒక సెన్సరు వుంటాయి. (కొత్త కార్లలో కొన్నిటికి పళ్ళ బదులు అయస్కాంతపు వలయం.) పన్ను దాటినప్పుడల్లా సెన్సరు ఒక సంకేతం పంపుతుంది. వాటిని లెక్కకట్టి, ఏ చక్రం తక్కినవాటికన్నా అతిగా తిరుగుతోందో చిన్న కంప్యూటరు పట్టేస్తుంది. వెంటనే ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. బ్రేకు వేస్తే బండి ఆగాలి గదా, కదలడమేమిటి అంటారా? చమత్కారమంతా అక్కడే వుంది. బ్రేకు పట్టిన చక్రాన్ని తిప్పాలంటే ఎక్కువ బలం కావాలి. ఎడమకు ఎక్కువ వెళితే సమదర్శి కుడికీ అంతే ఇచ్చి తీరాలి! ఆ బలంతో కారు ముందుకు కదులుతుంది. అదీ చాలకపోతే, మీ కాలు యాక్సిలరేటరును నొక్కుతున్నా సరే, కంప్యూటరు ఇంజను జోరును తగ్గిస్తుంది.

అమెరికాలో బ్యూక్ కంపెనీ 1971లోనే ఇంజను జోరు మాత్రం తగ్గించే ఏర్పాటు చేసింది. జర్మనీలో బాష్ కంపెనీ 1978లో బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా ఏ.బి.ఎస్. తెచ్చి, 1986లో దాని మీదనే ట్రాక్షన్ కంట్రోలును నిర్మించింది. రెండింటికీ సెన్సర్లు అవే. అందుకే ఒక సెన్సరు చెడితే తరచు రెండు దీపాలూ కలిసి వెలుగుతాయి.

ఇక దీపం సంగతి. తాళం తిప్పగానే వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోతే అంతా సవ్యమే. దారిలో మినుకుమినుకుమంటే చెడిపోయిందని కాదు, పని చేస్తున్నదని. రోడ్డు జారుతోంది, కాలు తేలిక చేయండి, అంతే. ఆపనక్కరలేదు. ఆరకుండా వెలుగుతుంటే మాత్రం, ఎవరో మీట నొక్కి ఆపి వుండాలి, లేదా లోపమేదో వుండాలి. సెన్సరుకు బురద పట్టడం, ఎలుకలు తీగ కొరకడం, బ్యాటరీ నీరసించడం మామూలు కారణాలు. నాలుగింట ఒక టైరు చిన్నదైనా చిక్కే. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది గనుక కంప్యూటరు దాన్ని జారుడనుకోవచ్చు. ఇలాంటప్పుడు మామూలు బ్రేకు సాధారణంగా పనిచేస్తుంది. నిదానంగా పోయి మెకానిక్కుకు చూపించండి. బ్రేకుకు సంబంధించిన ఎర్రదీపం కూడా వెలిగిందా, అప్పుడు మామగారి మాటే వినాలి.

లేని పట్టును ఈ యంత్రం సృష్టించలేదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగిందంటే మార్చవలసిందే. తిరుమల ఘాట్ దిగుతూ యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు దీనికి పనే వుండదు. అక్కడ మీ గేరూ, బ్రేకూ, వేగమే దిక్కు.

బీచి ఇసుకలోనో, లోతు బురదలోనో పూర్తిగా దిగబడినప్పుడు మాత్రం దీన్ని మీట నొక్కి ఆపడమే మేలు. చక్రం కాస్త తిరిగితేగాని బయటపడదు, ఇదేమో తిరగనివ్వదు. గట్టినేల మీదికి రాగానే మీట మళ్ళీ నొక్కండి. మరచినా, చాలా కార్లలో ఇంజను ఆపి తిరిగి వేస్తే అదే అమలులోకి వస్తుంది.