తిరుగలి యొద్ద పుట్టిన కవిత్వము

తెల్లవారుజామున తిరుగలి త్రిప్పుచు మన అమ్మమ్మలు పాడుకొనిన పాటలకు లెక్కలేదు. వానిలో కాగితమున కెక్కినవి బహుస్వల్పము. మహారాష్ట్ర కవయిత్రి బహిణాబాయి చౌధరి చరిత్రము చదివినపు డెల్ల మా కీ సంగతియే జ్ఞప్తికి వచ్చును.

ఈమె 1880వ సంవత్సరమున ఖాందేశ్ ప్రాంతమునందు, జల్గావ్ చెంతనున్న అసోదే గ్రామమున జన్మించెను. పదుమూడవ యేట జల్గావ్ వాస్తవ్యుడగు నాథూజీ చౌధరి కిచ్చి వివాహము చేసిరి. ముప్పదియేండ్లకే భర్త గతించెను. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పైని సేద్యము, ఇంటిచాకిరి. ఆనాటి వితంతువు బ్రతు కెట్టిదో మన సోదరీమణులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఆమెకు వ్రాయుట, చదువుట రాదు. పిండి విసరునపుడును, పొలమున పనిచేయునపుడును పాట తనంత తానే వచ్చెడిది. ఆ భాష పుస్తకముల మరాఠీ కాదు; ఆ సీమలో రైతుల యిండ్ల ఆడువారు మాటాడుకొను పలుకుబడియే. పొయ్యి, తిరుగలి, విత్తు, పంట, గిజిగాని గూడు, కాపురము, నిలుకడలేని మనస్సు – ఇవి ఆమె పాటలకు వస్తువులు. చదువు రాకున్నను ఇంత చక్కగా పాడెనే యని మెచ్చువారు గలరు. ఆ మెప్పు మా కంతగా రుచింపదు. పొయ్యిని, పొలమును ఆమె యెఱిగినట్లు చదివినవా రెంద రెఱుగుదురు?

కుమారుడు సోపాన్‌దేవ్ తానును కవియే. అతడును, బంధు వొకడును ఆమె పాటలు కొన్నింటిని వ్రాసిపెట్టిరి. 1951 డిసెంబరు 3వ తేదిని ఆమె కన్నుమూసెను. పిమ్మట సోపాన్‌దేవ్ ఆ వ్రాతప్రతిని సుప్రసిద్ధ రచయిత ఆచార్య అత్రేకు చూపెను. అత్రే పీఠికతో 1952లో ‘బహిణాబాయి పాటలు’ అను నర్థమిచ్చు పేర గ్రంథము వెలువడెను. తన పేరు అచ్చులో చూచుకొను భాగ్యము ఆమెకు లేకపోయెను. (చూచినను చదువజాలదు గదా!)

2018లో జల్గావ్ విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. బడి యెఱుగని యిల్లాలి పేరు నేడు పట్టభద్రుల పట్టములపై నున్నది. సంతోషమే. కాని ఆ గ్రంథమున కెక్కిన పాటలు 35 మాత్రమే. ఒక జీవితకాలమున ఆ తిరుగలి యొద్ద పుట్టినవి అంతియేనా?

ఈ వ్యాసము వ్రాయుచు, మా యింటి పెద్దామెను ఒక తిరుగలిపాట పాడుమని యడిగితిమి. రెండు చరణములు పాడెను. మూడవది ఎంత తలచుకొన్నను రాలేదు. ఆ రెండును వ్రాసియుంచితిమి.