ఆల్బం పోయినా నెగెటివ్ ఉందిగా!

అటక మీది ట్రంకుపెట్టె దించితే అడుగున ఓ కాగితం కవరు. లోపల గోధుమరంగు ఫిల్ము ముక్కలు. 'ఇవింకేం చేసుకుంటాంలే' అని చెత్తబుట్టలో వెయ్యబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆల్బంలో ఫోటో వెలిసిపోయినా, చెదపట్టినా, అసలు బొమ్మ ఉండేది ఆ ముక్కలోనే.

మాకిది 2023 జులైలో తెలిసొచ్చింది. మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీదికి నీళ్లొచ్చిన రోజులవి. ఆ పక్కనే మా పిన్ని అత్తవారిల్లు. నీళ్లలో నానిన పెళ్లి ఆల్బం పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా తాతయ్య కన్యాదానం చేస్తున్న ఫోటో అందులో తప్ప ఇంకెక్కడా లేదు. పిన్ని బెంగపెట్టుకుంది. అదృష్టం, 1986 నాటి ఆ నెగెటివ్‌లు జగ్గయ్యపేటలో అమ్మమ్మ బీరువాలో పొడిగా ఉన్నాయి.

ప్రింటరు మీదుండే మామూలు స్కానర్లో పెట్టి చూశాం. నల్లటి మచ్చ వచ్చింది! అది కాగితం మీద వెలుగు పడి తిరిగొస్తేనే చూడగలదు. ఫిల్ముకి వెనకనుంచి వెలుగు రావాలి. అంటే మూతలో కూడా లైటున్న ఫిల్ము స్కానరు కావాలి. కాస్త ఖరీదే. మేం అక్కచెల్లెళ్లం తలాకొంచెం వేసుకుని కొన్నాం.

అసలు శత్రువు దుమ్ము. చీరచెంగుతో తుడిస్తే గీతలు పడతాయి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. రబ్బరు బ్లోయరుతో ఊది, అంచులు మాత్రమే పట్టుకోండి. ఫిల్ముకి ఒకవైపు మెరుపు, రెండోవైపు మసక. మసక వైపే బొమ్మ ఉండే పొర, దాన్ని అసలు ముట్టుకోకూడదు. తిరగేసి పెడితే ఏమవుతుందో మా అమ్మే కనిపెట్టింది: "ఇదేమిటే, పిన్ని పైట కుడి భుజం మీద ఉంది!"

కంప్యూటర్లో 'కలర్ నెగెటివ్' అని ఎంచుకోవాలి. ఊరికే రంగులు తిరగేస్తే నారింజ ఛాయ కాస్తా నీలంగా మారి మొహాలు పాలిపోతాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము బొమ్మ 36×24 మిల్లీమీటర్లే కాబట్టి కాగితానికి పెట్టే 300 డీపీఐ చాలదు. 2400 నుంచి 3200 దాకా పెడితే గోడకి తగిలించే సైజుకి కూడా సరిపోతుంది. అంతకు మించితే ఫైలు బరువే తప్ప మామూలు ఇంటి స్కానర్లో ఒరిగేదేం లేదు. దుమ్ము మచ్చలు తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి వాడకండి. అందులోని వెండిని అది దుమ్మనుకుని బొమ్మనే చెరుపుతుంది. ఒక ప్రతి టిఫ్‌గా దాచి, పంచుకోవడానికి జేపెగ్ చేసుకోండి.

నెగెటివ్‌లే తడిస్తే? ఎండనివ్వకండి, అతుక్కుపోతాయి. శుభ్రమైన చన్నీళ్లలో ఉంచి, మెల్లగా విడదీసి, నీడలో క్లిప్పులతో వేలాడదీయండి. ఎండి అతుక్కున్నవాటిని మాత్రం లాగొద్దు. వెనిగర్ వాసన కొడుతుంటే ఆ ఫిల్ము పాడవుతున్నట్టే. వాటిని విడిగా పెట్టి, ముందు వాటినే స్కాన్ చేయండి.

స్కాన్ అయ్యాక నెగెటివ్‌లు పారెయ్యకండి. కొత్త కాగితం కవర్లో పెట్టే ముందు దానిమీద ఏడాదీ, మనుషుల పేర్లూ పెన్సిల్‌తో రాశాం. పేర్లన్నీ చెప్పగలిగింది అమ్మమ్మ ఒక్కర్తే. తాతయ్య పక్కన చెంబు పట్టుకు నిలబడ్డ కుర్రాడెవరో ఆవిడకీ గుర్తు రాలేదు. ఈసారి పేట వెళ్లినప్పుడు చిన్నమ్మమ్మని అడగాలి.