పసివాని పేరు, పరుని చరిత్ర

రామంతాపూరు నుండి హబ్సిగూడ మీదుగా తార్నాక కూడలికి చేరి, అచ్చటి నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనికి నడిచిపోయే విద్యార్థులలో పెక్కుమందికి తాము చదివే సంస్థ ఒక రాజు పేరును వహించియున్నదన్న సంగతి నిత్యం స్ఫురణకు రాదు. 1918లో స్థాపితమైన ఆ విద్యాలయం ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరిట వెలసినది. ఉన్నతవిద్యను ఇంగ్లీషులో గాక ఒక దేశభాషలో, ఉర్దూలో, బోధింపవచ్చునని ఆనాడే ఆచరణలో చూపిన ఘనత దానిది. గండిపేట చెరువుకును, అఫ్జల్‌గంజి పెద్దాసుపత్రికిని ఆయన పేరే. అదే ప్రభువు ఏలుబడిలో 1938లో వందేమాతరం పాడిన నేరానికి ఈ ప్రాంగణపు వసతిగృహాల విద్యార్థులు బహిష్కృతులై, కొందరు నాగపూరు దాక పోయి చదువు ముగించుకొనవలసి వచ్చినది. అదే ఏలుబడి చివరి దినాలలో రజాకార్లు తెలంగాణ పల్లెలను వణికించినారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించేదాక ఆ పీడ విరగడ కాలేదు. ఈ రెండు చరిత్రలను విశ్వవిద్యాలయం ఏకకాలంలో మోయగలుగుతున్నది. దాని చరిత్రశాఖలో కూర్చుండియే ఆచార్యులు ఆ రాజు గుణదోషాలను నిర్మొగమాటంగా విచారింపవచ్చును. అందుకు రాతిగోడలు నొచ్చుకొనవు. పసివానికి అట్టి వెసులుబాటు లేదు. నాయకుని పేరు తగిలించుకొన్న బిడ్డ ఆ నాయకుని పాపపుణ్యాలకు తనకు తెలియకుండానే జవాబుదారి అవుతాడు.

మన ఇండ్లలో ఇరువదియొకటవ నాటి బారసాలకు పళ్లెంలో బియ్యం పరచి, తండ్రి చేత బంగారు ఉంగరంతో ఆ బియ్యం మీద పేరు వ్రాయించి, పిదప దానిని శిశువు చెవిలో చెప్పిస్తారు. ఆ బియ్యం మీద వెనుకటి కాలంలో వ్రాయబడినవి దేవతల పేర్లు, తాతముత్తాతల పేర్లు. తాత పేరు పెట్టుకొన్న ఇంట ఒక చిత్రమైన మర్యాద ఉండేది. మామగారి పేరు నోట పలుకగూడదు గనుక కోడలు కన్నకొడుకును ‘అబ్బాయీ’ అనియో ‘చిన్నా’ అనియో పిలుచుకొనేది. కోపం వచ్చినప్పుడు సైతం పేరు పెట్టి తిట్టుటకు నోరు రాక ఊరకుండేది. పేరు వెనుక ఉన్న వ్యక్తి ఇంటిలోని వాడే గనుక ఆయన మంచిచెడ్డలు ఇంటిల్లిపాదికీ తెలిసినవే. వాటిని క్షమించుటకును వారికి అధికారం కలదు.

స్వాతంత్ర్యోద్యమ కాలానికి ఈ ఆచారంలో ఒక కొత్త పాయ వచ్చి కలిసినది. గుజరాతులో ఇంటిపేరైన గాంధీ తెలుగునాట బిడ్డపేరైనది. నెహ్రూ, బోసు పేర్లకును ఇదే జరిగినది: జగ్గంపేట రాజకీయాలలో జ్యోతుల నెహ్రూ, చలనచిత్ర గీతరచనలో చంద్రబోస్ మనకు సుపరిచితులు. వామపక్ష కుటుంబాలలో లెనిన్, స్టాలిన్ పుట్టినారు. ఈ పేర్లు పెట్టిన తండ్రుల హృదయశుద్ధిని శంకించుట అన్యాయం. తాము జైలుకు పోయిన ఆశయాన్ని, లాఠీదెబ్బలు తిన్న ఆవేశాన్ని కన్నబిడ్డకు ఆస్తిగా ఇచ్చుకొందమని వారు తలచినారు. నా అభ్యంతరం వారి భక్తిపై కాదు, వారి తొందరపైననే.

ఆ తొందర ఎట్టిదో తెలియుటకు స్టాలిన్ పేరును మించిన నిదర్శనం లేదు. 1943లో స్టాలిన్‌గ్రాడ్ వద్ద నాజీ సేన లొంగిపోయిన వార్త ప్రపంచమంతటి వలెనే ఆంధ్రదేశాన్ని కూడ పులకింపజేసినది. 1946లో మొదలైన తెలంగాణ సాయుధపోరాటం నడుస్తుండగానే, 1951 ఆరంభంలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో చేరి స్వయంగా స్టాలిన్‌తో చర్చలు జరిపినారు. ఆ సంవత్సరమే అక్టోబరులో పోరాటం విరమింపబడినది. మన పల్లెల సమస్యను మాస్కోలో ఆ నాయకుని ముందుంచి సలహా అడిగిన కాలమది. అట్టి కాలంలో ఒక కార్యకర్త తన కొడుకుకు ఆ పేరు పెట్టుకొన్నాడంటే ఆశ్చర్యమేమున్నది?

1953 మార్చి 5న స్టాలిన్ మరణించినాడు. మూడేండ్లు నిండకుండనే, 1956 ఫిబ్రవరిలో, సోవియట్ పార్టీ ఇరువదవ మహాసభలో కృశ్చేవ్ ఆయన నేరాలను ఏకరువు పెట్టినాడు. 1961లో ఆయన దేహాన్ని లెనిన్ సమాధి మందిరం నుండి తొలగించి వేరుగా పూడ్చినారు. స్టాలిన్‌గ్రాడ్ నగరం వోల్గోగ్రాడ్ అయినది. 1932–33 నాటి కరవులో లక్షోపలక్షలు మాడిపోయిన కథయు, 1937, 1938 అను రెండేండ్లలోనే అధికార పత్రాల లెక్క ప్రకారం సుమారు 6.8 లక్షల మందిని కాల్చివేసిన కథయు క్రమంగా వెల్లడి అయినవి. నగరం ఒక ఉత్తర్వుతో పేరు మార్చుకొన్నది. 1953లో ఆ పేరు ధరించి ఇంకను మాటలు కూడబలుక్కొంటున్న మన తెలుగు బాలుని సంగతి ఏమి? వాని పేరు బడి పట్టికలో ఎక్కినది, పదవతరగతి సర్టిఫికెట్‌పై అచ్చయినది, ఉద్యోగపు కాగితాలలో స్థిరపడినది. మాస్కో విడిచిన బరువును వాడు ఇక్కడ మోయుచునే ఉన్నాడు.

పొరుగున మద్రాసులో ఇదే కథ లోకవిదితంగా నడిచినది. 1953 మార్చి 1న పుట్టిన బిడ్డకు కరుణానిధి స్టాలిన్ అని పేరు పెట్టినారు. పేరిచ్చిన నాయకుడు ఆ వారంలోనే పోయినాడు. చిన్ననాట ఒక పాఠశాలలో చేర్పింపబోగా పేరు మార్చుమని అడిగినారనియు, తండ్రి అందుకు ఒప్పలేదనియు, పెద్దయిన పిదప రష్యాకు పోయినప్పుడు తన పేరు విన్నవారు వింతగా చూచినారనియు ఆ కుమారుడే చెప్పుకొన్నాడు. 2021లో ఆయన తమిళనాడు ముఖ్యమంత్రి అయినారు. నేడు దక్షిణదేశంలో ఆ పేరు చెప్పగానే జనానికి ఆయనయే స్ఫురిస్తారు గాని క్రెమ్లిన్ స్ఫురింపదు. అంతటి ప్రసిద్ధి పొంది పేరుకు కొత్త అర్థం కల్పించుకొనగలవారు ఎందరు? ఒక గుమాస్తాకో, ఒక ఉపాధ్యాయునికో అది సాధ్యమా?

మరింత దారుణమైన పేరు ఒకటి మన నోళ్లలో అతి చులుకనగా తిరుగుచున్నది. కఠినుడైన తండ్రిని ‘మా నాన్న హిట్లర్’ అనుట మన యిండ్లలో పరిపాటి. 1997లో చెల్లెండ్రను కట్టుదిట్టంగా పెంచే అన్న కథకు ‘హిట్లర్’ అని పేరుపెట్టి చిరంజీవి చిత్రం తీసినారు; 2006లో పరోపకారియైన మాజీ సైనికుని పాత్రకు ‘స్టాలిన్’ అన్నారు, అందులోను ఆయనయే కథానాయకుడు. అరువది లక్షల యూదుల ప్రాణాలు తీసిన వాని పేరు మన భాషలో ముక్కోపానికి మారుపేరై కూర్చున్నది. దూరదేశపు దుఃఖం మన గడప తొక్కలేదు గనుక మనకు ఇది సాధ్యమైనది. ఆఫ్రికాలోని నమీబియాలో ఇట్లే ఒక తండ్రి కొడుకుకు అడాల్ఫ్ హిట్లర్ అని పేరు పెట్టగా, ఆ కొడుకు 2020లో స్థానిక ఎన్నికలలో గెలిచినప్పుడు ప్రపంచ పత్రికలన్నియు ఆయన చేసిన సేవను విడిచి పేరునే వార్త చేసినవి. ఆ మనిషి ఎట్టివాడో తన తండ్రికి తెలిసియుండదని ఆయన వివరించుకొనవలసి వచ్చినది. మన పిల్లలు నేడు బెర్లినులోను, వార్సాలోను చదువుకొనుచున్నారు. రామంతాపూరులో ముద్దుగా వినిపించిన పేరు అచ్చట ఒక వృద్ధురాలి గుండెలో ఏ గాయాన్ని రేపునో తల్లిదండ్రులు ఊహింపవలెను గదా.

ఇచ్చట ఒక ఆక్షేపణ వస్తుంది. దోషం లేని నరుడెవడు? వాలిని చెట్టుచాటు నుండి కొట్టిన రాముని పేరు పెట్టుకొనుట లేదా? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పురాణనామాలను మన సమాజం వేల ఏండ్లు జల్లెడ పట్టినది. రావణ, దుర్యోధన, శకుని నామాలు ఆ జల్లెడలో నిలువలేదు. ధర్మపక్షాన నిలిచినవాడైనను విభీషణుని పేరు కూడ నిలువలేదు; ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెత ఆ పేరును మన ఇండ్లకు రానీయలేదు. రాముడన్న పేరు కోట్లమందిది అయిపోయినందున అందులో ఏ ఒక్కని చరిత్రయు మిగులలేదు. ఇక అశోకుని మాట. కళింగంలో లక్షమంది చచ్చిరనియు, లక్షన్నర మంది చెరపట్టబడిరనియు ఆయన శాసనమే చెప్పుచున్నది, చెప్పి, పశ్చాత్తాపపడుచున్నది. తన తప్పును తానే రాతిపై చెక్కించిన రాజు పేరు ఇన్ని శతాబ్దాల తరువాత ఒక శిశువుకు భారం కానేరదు. మన తరంలో సజీవంగా ఉన్న నాయకుని గురించిన పత్రాలు మాత్రం ఇంకను బీరువాలలోనే ఉన్నవి, సాక్షులు ఇంకను నోరు విప్పలేదు. తీర్పు రాకముందే ఆ పేరును బిడ్డ నుదుట వ్రాయుట సాహసం.

నాయకుడు నిర్దోషియే అనుకొన్నను బిడ్డ దారి బిడ్డదే. 1976లో, ఎన్.టి. రామారావు ఇంకను నటునిగానే ఉన్న దినాలలో, ఆయనపై అభిమానంతో కె. చంద్రశేఖరరావు తన కుమారునికి తారక రామారావు అని పేరు పెట్టుకొన్నారు. తెలుగువారి సమైక్యతకు ప్రతీకయైన ఆ పేరు గల కుమారుడు పెరిగి ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచినాడు. పేరు మనిషిని నడిపింపదనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. నడిపింపలేని పేరు వలన లాభమెంతో, బరువెంతో తూచి చూచుకొనవలెను.

అభిమానాన్ని చంపుకొనవలెనని నేను అనుట లేదు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారునికి మోహనదాసు అని పెట్టలేదు, లవణం అని పెట్టినారు. రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైన 1939లో పుట్టినవానికి సమరం అన్నారు. ఆ పేర్లలో కాలం ఉన్నది, వ్యక్తి లేడు. ఉప్పుపై ఏ చరిత్రకారుడును రేపు కొత్త నేరం మోపబోడు. లవణంగారు తమ సహధర్మచారిణి హేమలతతో కలిసి స్టూవర్టుపురంలో చేసిన సంస్కరణ కృషి వలన ఆ పేరు పూర్తిగా ఆయనదే అయినది. మరొక మార్గం వందేమాతరం రామచంద్రరావుగారిది. నిజాము జైలులో దెబ్బలకు జంకక ఆయన ఏ నినాదమిచ్చెనో ఆ నినాదమే జనం ఆయన పేరుకు ముందు చేర్చినారు. అది తండ్రి ఇచ్చినది కాదు, తాను ఆర్జించుకొన్నది.

బారసాలనాడే తొందరపడవలసిన అగత్యం చట్టం దృష్టిలో లేదు. 1969 జనన మరణ నమోదు చట్టంలోని 14వ సెక్షను ననుసరించి పేరు లేకయే జననం నమోదు చేయించి, పేరును తరువాత చేర్పించుకొనవచ్చును; పన్నెండు నెలలలోపు చేర్పించినచో రుసుము కూడ ఉండదు. నాయకుని ప్రేమించే తల్లిదండ్రులారా, ఆ పన్నెండు నెలలు వాడుకొనుడు. ఆయన పటం గోడకు తగిలించుడు, ఆయన గ్రంథాలు బిడ్డకు చదివి వినిపించుడు. పేరు మాత్రం బిడ్డకు బిడ్డదే పెట్టుడు.