ఏఐ రాసిన పేజీ: ప్రివ్యూలో ఏం చూడాలి?

“వడ్డీ లెక్క కట్టే చిన్న పేజీ చేసి పెట్టు” అని తెలుగులో అడిగినా ఏఐ ఇప్పుడు కాసేపట్లో కోడ్ రాసేస్తోంది. ఆ పక్కనే పేజీని నడిపి చూపిస్తోంది కూడా. అంకెలు వేసి, బటన్ నొక్కి చూసుకోవచ్చు. 2024 జూన్‌లో ఆంత్రోపిక్ సంస్థ తన ఏఐ అయిన క్లాడ్‌లో ‘ఆర్టిఫాక్ట్స్’ పేరుతో ఈ ‘ప్రివ్యూ’ సదుపాయం తెచ్చింది. చాట్‌జీపీటీ, జెమినైలలో ఇలాంటిదే ‘కాన్వాస్’ పేరుతో ఉంది. కోడ్ రానివాళ్లకు ఇది పెద్ద అండ. అయితే ప్రివ్యూ ఏం చూపిస్తుందో, ఏం చూపించదో తెలిసినప్పుడే దాన్ని సరిగ్గా వాడుకోగలం.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. పేజీలో ఏముండాలో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది, ఎలా కనిపించాలో సీఎస్‌ఎస్ చెబుతుంది, నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చెబుతుంది. ఈ మూడూ బ్రౌజర్‌కు నేరుగా అర్థమవుతాయి. అందుకే వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ వేసుకోకుండానే పేజీ నడుస్తుంది. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ‌లో రాసిన కోడ్‌ను మాత్రం ముందు మామూలు జావాస్క్రిప్ట్‌గా మార్చాలి. ఆ పని ప్రివ్యూయే చూసుకుంటుంది.

మనం చదవని కోడ్ మన బ్రౌజర్‌లో నడిస్తే ప్రమాదం కాదా? ఆ భయం సహజమే. అందుకే ఇలాంటి ప్రివ్యూలను సాధారణంగా ‘శాండ్‌బాక్స్’ చేసిన ఐఫ్రేమ్‌లో పెడతారు. అంటే పేజీలోనే హద్దులు గీసిన మరో పేజీ. అందులోని కోడ్ బయటి పేజీని తాకలేదు, మీ లాగిన్ వివరాలున్న కుకీలను చదవలేదు. అదే కోడ్‌ను ఫైల్‌గా దింపుకుని కంప్యూటర్‌లో తెరిస్తే ఈ హద్దులు ఉండవు. పైగా మీరు చేతులారా టైప్ చేసిన సమాచారం బయటికి పోకుండా అన్ని ప్రివ్యూలూ ఆపలేవు. కాబట్టి పరీక్షకు ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు వాడకండి. ఉత్తుత్తి పేర్లు, అంకెలు చాలు.

అసలు చిక్కు లెక్క దగ్గరుంది. మన దగ్గర “రెండు రూపాయల వడ్డీ” అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. లక్ష రూపాయలకు పది నెలలకు 20,000 అవుతుంది. ఏఐ ఆ రెండును ఏడాదికి రెండు శాతంగా తీసుకుంటే దాదాపు 1,667 వస్తుంది. పేజీ ముచ్చటగానే ఉంటుంది, బటన్ పనిచేస్తుంది, ఎర్రగా ఏ హెచ్చరికా రాదు. జవాబు మాత్రం తప్పు. బ్రౌజర్ కోడ్‌లో ఏముంటే అది చేస్తుంది. మీ మనసులో ఉన్న వడ్డీ ఏదో దానికి తెలియదు.

అందుకని, జవాబు ముందే తెలిసిన లెక్కతో మొదలుపెట్టండి. తర్వాత గడి ఖాళీగా వదిలి నొక్కండి. సున్నా నెలలు వేయండి. 1,00,000 అని కామాలతో కొట్టి చూడండి. కొన్ని పేజీల్లో కోడ్ మొదటి 1ని మాత్రమే తీసుకుని, కామా తర్వాతదంతా వదిలేస్తుంది. తప్పు కనిపిస్తే “పనిచేయడం లేదు” అని సరిపెట్టకండి. ఏ అంకెలు వేశారో, ఏం వచ్చిందో, ఏం రావాలో మూడూ చెప్పండి. అలా చెబితే ఏఐకి తప్పు పట్టుకోవడం తేలికవుతుంది.

తెలుగు పేజీలకు ఇంకో రెండు పరీక్షలు అవసరం. కింది ఒత్తులు, పై గుణింతాలు తెగిపోతున్నాయేమో చూడాలి. వరుసల మధ్య ఎడం తక్కువైతే అలా జరుగుతుంది. ఫైల్‌గా తెరిచినప్పుడు తెలుగుకు బదులు గజిబిజి గుర్తులు వస్తే, కోడ్‌లో ‘యూటీఎఫ్-8’ అని ప్రకటించమని అడగాలి. మీ పేజీ చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారనుకుంటే, ఫోన్‌లోనూ తెరిచి చూడాలి.

ఇవన్నీ దాటినా కొన్ని విషయాలు ప్రివ్యూలో బయటపడవు. వందమంది ఒకేసారి వాడితే ఏమవుతుందో, నమోదు చేసిన వివరాలు ఎక్కడ దాస్తున్నారో, ఎవరు చూడగలరో అది చెప్పదు. పేజీ కోడ్‌లో రహస్య తాళం లాంటి ఏపీఐ కీ పెడితే, పేజీ చూసే ఎవరైనా దాన్ని చదవగలరు. ఇతరుల డబ్బు, ఆరోగ్యం, వ్యక్తిగత వివరాలు ముడిపడిన పేజీని జనంలోకి వదిలేముందు తెలిసిన ప్రోగ్రామర్‌కు చూపించాల్సిందే.

మిగతా పరీక్ష మీరే చేయగలరు. కోడ్ రాకపోయినా వడ్డీ లెక్క వచ్చినవాళ్లకు ఆ పేజీలో తప్పెక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ప్రివ్యూ వల్ల అసలు లాభం అదే: పని తెలిసిన మనిషి ఇప్పుడు ఆ పనికి చేసిన పేజీని స్వయంగా పరీక్షించగలడు.