వలస కుటుంబాల ఇంటిపేర్లు: నమోదుపత్రాల్లో నిలిచినవి, జారిపోయినవి

వ్యాససంగ్రహం:
పరదేశంలో స్థిరపడే కుటుంబాన్ని అక్కడి ప్రభుత్వం మొదట అడిగేది పేరు. వ్యక్తినామానికి ముందు ఇంటిపేరును నిలిపే తెలుగు సంప్రదాయం ఆ దేశపు నమోదుపత్రాల్లోని గళ్లకు తగినట్లుగా మారవలసి వచ్చింది. 19వ శతాబ్దపు ఒప్పంద కూలీల వలస, 20వ శతాబ్దపు విద్వాంసుల వలస, నేటి ఉద్యోగ వలస అనే మూడు దశల్లో తెలుగు ఇంటిపేరు పొందిన పరిణామాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పేరు మార్పు వల్ల కుటుంబం కోల్పోయేది శబ్దాన్ని మాత్రమే కాదనీ, ఆ శబ్దం మోసుకొచ్చిన ఊరు, వంశం, వరసల సమాచారాన్ని కూడా అనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఇంటిపేరు, వలస, ఒప్పంద కూలీలు, మారిషస్, దక్షిణాఫ్రికా, అమెరికా, పాస్‌పోర్ట్, నామవిజ్ఞానం.

1. ఉపోద్ఘాతం:
వలస జీవితాన్ని గురించిన అధ్యయనాలు భాష, ఆహారం, పండుగలు, వివాహాలు వంటి అంశాలపై ఎక్కువగా దృష్టి నిలుపుతాయి. ఇవన్నీ కుటుంబం కొంతకాలం అక్కడ గడిపిన తరువాత తలెత్తే విషయాలు. పేరు అలాంటిది కాదు. రేవులోనో విమానాశ్రయంలోనో తొలి పత్రం నింపిన క్షణంలోనే అది నిర్ణయమవుతుంది. ఆనాడు గుమాస్తా రాసుకున్న మాటే తరువాతి తరాలకు వారసత్వమవుతుంది. అందువల్ల కుటుంబం స్థిరపడిన తీరును పరిశీలించడానికి పేరు ఒక ముఖ్యమైన ఆధారం.

2. తెలుగు ఇంటిపేరు - స్వరూపం, ప్రయోజనం:
తెలుగువారి ఇంటిపేర్లలో అధికభాగం ఊరిపేర్ల నుంచి ఏర్పడ్డాయి. దేవులపల్లి, మల్లంపల్లి, వేటూరి మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. యల్లాప్రగడ వంటి పేర్లలోని 'ప్రగడ' మంత్రి పదవిని సూచిస్తుంది. వృత్తి, పూర్వికుని పేరు, ఇంట జరిగిన ఒక సంఘటన కూడా ఇంటిపేర్లకు మూలాలైనాయి.

ఇంటిపేరు నిర్వహించే పనులు ప్రధానంగా మూడు. అది కుటుంబం ఒకప్పుడు నివసించిన చోటును తెలుపుతుంది. ఒకే వంశానికి చెందిన దాయాదులను కలిపి చూపుతుంది. గోత్రంతో కలిసి, ఎవరితో వియ్యమందవచ్చో ఎవరితో కూడదో నిర్ణయిస్తుంది. ఒకే ఊరి నుంచి వచ్చినందువల్ల వేర్వేరు కులాలవారికి ఒకే ఇంటిపేరు ఉండడం సాధారణం. కనుక ఇంటిపేరు ఒక్కటే వంశాన్ని తేల్చదు. ఊరు, గోత్రం, ఇంటిపేరు కలిసినప్పుడే వంశం గుర్తు పూర్తి అవుతుంది.

వ్యక్తినామం చివర వచ్చే రావు, నాయుడు, రెడ్డి, శర్మ వంటి గౌరవ లేదా కులవాచకాలు ఇంటిపేర్లు కావు. ఒకే ఇంట తండ్రికి ఒకటి, కుమారునికి మరొకటి ఉండవచ్చు. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే వంశనామం. తెలుగు పద్ధతిలో మొదటి మాట వంశనామం. ఈ రెండు క్రమాలు ఎదురుపడిన చోటనే సమస్య ఆరంభమైంది.

3. ఒప్పంద కూలీల వలస - నిలిచిన ఊరు, పోయిన ఇంటిపేరు:
బ్రిటిష్ వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటల్లో పనికోసం 1834 నుంచి మారిషస్‌కు భారతీయ ఒప్పంద కూలీల తరలింపు మొదలైంది. వీరిలో తెలుగువారు కూడా ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదుగా వీరిని అక్కడ 'కొరంగీలు' అని పిలిచారు. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' నౌక 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు సాగిన ఈ పద్ధతిలో నటాల్‌కు 1,52,184 మంది వెళ్లారు.

నటాల్ నౌకా జాబితాల్లో ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఇచ్చి, దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం నమోదు చేశారు. ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి లేదు. వేతనం, శిక్ష, సెలవు అన్నీ సంఖ్యమీదనే నడిచాయి. ఒప్పందం ముగిసి, కుటుంబాలు అక్కడే నిలిచి, పుట్టిన బిడ్డలను నమోదు చేయవలసి వచ్చినప్పుడు వంశనామం అవసరమైంది. అప్పుడు తండ్రి లేదా తాత వ్యక్తినామమే ఆ స్థానంలో చేరింది. కొన్ని కుటుంబాల్లో కులవాచకం చేరింది. దక్షిణాఫ్రికాలో నేడు విరివిగా వినిపించే 'నాయిడూ' మన నాయుడే.

మారిషస్‌లో జన్మించి ఫ్రెంచి భాషలో రచనలు చేస్తున్న నతాషా అప్పన్న తెలుగు మూలాలున్న కుటుంబానికి చెందిన నవలా రచయిత్రి. ఆమె పేరు చివరనున్న 'అప్పన్న' ఉత్తరాంధ్రలో సింహాచల స్వామిని తలచి పెట్టుకునే వ్యక్తినామం. ఒకనాటి వ్యక్తినామం కాలక్రమంలో కుటుంబనామమైన తీరును ఇలాంటి పేర్లు చూపుతాయి. ఆమె తొలి నవల ఒప్పంద కూలీల ప్రయాణాన్ని చిత్రించింది. 2023లో వెలువడిన మరొక రచన తన పూర్వికుల వలస చరిత్రను చెబుతుంది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. ఈ కుటుంబాలు ఇంటిపేరును కోల్పోయినా, ఊరి పేరు రిజిస్టర్లలో నిలిచింది. మారిషస్‌లో మోకా వద్దనున్న మహాత్మాగాంధీ సంస్థ ఈ వలస పత్రాలను భద్రపరుస్తున్నది. మారిషస్‌లోని భారతీయ సంతతికి ఏడవ తరం వరకు భారత విదేశీ పౌరసత్వ కార్డు పొందే వీలు కల్పిస్తున్నట్లు భారత రాష్ట్రపతి 2024 మార్చిలో ఆ దేశ పర్యటనలో ప్రకటించారు. ఆ కార్డు కోరేవారు వంశక్రమాన్ని పత్రాలతో చూపాలి. నూటయాభై ఏళ్లనాటి గుమాస్తా చెవికి విన్నట్లు రాసుకున్న పేరూ ఊరూ నేడు ఒక కుటుంబపు హక్కుకు ఆధారం కాగలవు.

4. విద్వాంసుల వలస - చివరి మాటకు దక్కిన స్థానం:
20వ శతాబ్దంలో చదువుకోసం, పరిశోధన కోసం వెళ్లినవారి పేర్లు మరొక విధంగా మారాయి. మద్రాసు రాష్ట్రంలో ఆంగ్ల విద్యతోపాటు ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించే అలవాటు వ్యాపించింది. ఆ పొడి అక్షరంతోనే వీరు విదేశీ విద్యాలోకంలో ప్రవేశించారు.

యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) అమెరికా చేరి హార్వర్డ్‌లో చదివారు. భాస్వరాన్ని కొలిచే విధానం 1925లో 'ఫిస్కె-సుబ్బారో పద్ధతి'గా ప్రసిద్ధికెక్కింది. ఫిస్కె సహచరుని వంశనామం, సుబ్బారావు ఈయన వ్యక్తినామం. యల్లాప్రగడ అన్న మాట 'వై' అనే అక్షరంలో మిగిలిపోయింది.

గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. ఆయన 1945లో కలకత్తాలో ఉండగానే ప్రచురించిన ఫలితం 'క్రామర్-రావు అసమానత'గా ప్రపంచమంతటా పాఠ్యాంశమైంది. ఆయన తండ్రి దొరస్వామి నాయుడు. చివరి మాటను బట్టి చూసే పాఠకునికి నాయుడు ఒక వంశం, రావు మరొక వంశం. తెలుగు పాఠకునికి ఇద్దరూ కల్యంపూడివారు. తండ్రీకొడుకులను కలిపే ఒకే ఒక్క మాట శాస్త్రలోకపు వాడుకలో 'సి' అనే అక్షరమైంది. పేరు మారడానికి దేశం దాటడం కూడా అవసరం లేదనీ, ఆంగ్ల ప్రచురణ పద్ధతే చాలుననీ ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5. పాస్‌పోర్ట్ కాలం - నిలిచిన ఇంటిపేరు, మరుగైన ఊరు:
నేటి భారతీయ పాస్‌పోర్ట్‌లో వంశనామానికీ వ్యక్తినామానికీ వేర్వేరు గళ్లున్నాయి. పొడి అక్షరానికి అందులో చోటు లేదు. దానిని విప్పి రాయక తప్పదు. ఆ విధంగా వందేళ్లుగా ఒక అక్షరంలో ముడుచుకొన్న ఇంటిపేరు మళ్లీ సంపూర్ణంగా బయటపడింది. అయితే విదేశాల్లో అది మొదటి నుంచి చివరికి చేరింది. చివర నిలిచినా ఇంటిపేరు ఇంటిపేరుగానే ఉండటం ఈ దశలోని లాభం.

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల పేరు ఇందుకు నిదర్శనం. ఆయన తండ్రి, భారత పాలనాసేవా అధికారి బి.ఎన్. యుగంధర్ పేరులోని అక్షరాలు బుక్కాపురం, నాదెళ్ల అనేవి. బుక్కాపురం అనంతపురం జిల్లాలోని స్వగ్రామం. తండ్రి పేరులో ఊరు, ఇంటిపేరు రెండూ అక్షరాలుగా ఉన్నాయి. కుమారుని పేరులో ఇంటిపేరు పూర్తిగా వెలుగులోకి వచ్చింది, ఊరు తొలగిపోయింది. కూలీల వలసలో జరిగినదానికి ఇది సరిగ్గా తలక్రిందులు.

వంశనామం గడిని ఖాళీగా వదిలినవారి పరిస్థితి వేరు. అమెరికా వీసాలో వారి వ్యక్తినామం వంశనామపు గడిలోకి వెళ్లి, వ్యక్తినామపు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అనే మూడక్షరాలు చేరుతాయి. మొదటి పేరు తెలియదు అని వాటి అర్థం. ఆ మూడక్షరాలే పేరుగా బ్యాంకు, కళాశాల పత్రాల్లోకి కూడా ప్రవేశించడం కద్దు. యంత్రం చదివే పాస్‌పోర్ట్ పంక్తిలో పేరుకు కేటాయించిన స్థానాలు 39 మాత్రమే. వెంకట సత్య సూర్యనారాయణ వంటి దీర్ఘనామానికి ఇంటిపేరు కూడా తోడైతే అక్కడ కొన్ని అక్షరాలు తెగిపోతాయి.

6. స్త్రీలు, పిల్లలు:
తెలుగునాట వివాహంతో స్త్రీ ఇంటిపేరు మారుతుంది. ఆ మార్పుకు లోకవ్యవహారమే సాక్ష్యం, పత్రం అక్కరలేదు. పరదేశంలో ఆ మార్పును పత్రం మాత్రమే నిరూపిస్తుంది. పుట్టింటి పేరుతో చదువు, ఉద్యోగం సాగించిన స్త్రీ దానిని అలాగే ఉంచుకొన్నప్పుడు, బిడ్డకు తండ్రి ఇంటిపేరు ఉంటుంది. ఒకే ఇంట తల్లీబిడ్డలు పత్రాల్లో వేర్వేరు వంశాలవారుగా కనిపిస్తారు.

బారసాల సంప్రదాయానుసారం 11వ రోజునో 21వ రోజునో జరుగుతుంది. అమెరికాలో జనన నమోదు పత్రాన్ని సాధారణంగా ఆసుపత్రి విడిచేలోగానే నింపుతారు. జాతకం చూసి, పెద్దలను సంప్రదించి పేరు పెట్టే వ్యవధి ఉండదు. అందుచేత కాన్పుకు ముందే ఫోనులో తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మలతో చర్చ ముగించడం, ఇంటిపేరును ఆంగ్లాక్షరాల్లో అక్కడివారు పలకగలిగేటట్లు రాయడం నేటి తల్లిదండ్రుల పని అయింది.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:
- ఇంటిపేరు మారడానికి కుటుంబపు ఇష్టాయిష్టాల కంటె నమోదుపత్రంలోని గళ్ల అమరిక ప్రధాన కారణం.
- ఒప్పంద కూలీల పత్రాల్లో ఊరు నిలిచి ఇంటిపేరు పోయింది. నేటి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు నిలిచి ఊరు మరుగైంది. అందులోని జన్మస్థలం చాలామందికి ఆసుపత్రి ఉన్న పట్టణమే కాని స్వగ్రామం కాదు.
- విద్వాంసుల వలసలో వ్యక్తినామం లేదా గౌరవవాచకం వంశనామపు స్థానం ఆక్రమించింది.
- ఊరు, గోత్రం, ఇంటిపేరు మూడూ కలిసినప్పుడే వంశజ్ఞానం పూర్తి. ఏ దశలోని పత్రమూ ఈ మూడింటినీ నిలుపుకోలేదు.

ప్రవాసంలో పుట్టిన పిల్లలకు ఇంటిపేరు పత్రం ద్వారా ఎలాగూ అందుతుంది. ఆ పేరు ఏ ఊరిదో, ఏ గోత్రానిదో పెద్దలు చెప్పాలి, రాసి ఉంచాలి. నాటి కూలీల విషయంలో ఊరి పేరును సర్కారు గుమాస్తా రాశాడు. నేటి వలస కుటుంబానికి ఆ పని చేసే గుమాస్తా లేడు.